తొడిమ లేని కాయ

పెప్టైడ్ పాడైందని తెలిసింది ఏప్రిల్ మూడో తేదీ, గురువారం మధ్యాహ్నం. ఎనిమిదో తరగతి పిల్లలను కణం బొమ్మ వేయమని చెప్పి కూర్చున్నాను. మా చెల్లెలి ల్యాబ్ నుంచి అనీసా ఫోన్ చేసింది. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అక్కా, రెండుసార్లు పెట్టి చూశాను. ఎంజైమ్ ఆగట్లేదు," అంది. మళ్ళీ, "సగం కూడా ఆగట్లేదు," అంది.

సరేనమ్మా అని పెట్టేశాను. లోపలికి వెళ్ళి బొమ్మలు దిద్దాను. ఒక అమ్మాయి కేంద్రకం వేయడం మర్చిపోయింది. దానికీ టిక్కు పెట్టానని ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

అప్పటికి నా చెల్లెలు జ్యోతిర్మయి చనిపోయి పన్నెండు రోజులు. నాలుగేళ్ళు చేసిన పరిశోధనలో చివరి ప్రయోగం ఒక్కటి మిగిల్చి వెళ్ళింది. దానికి కావలసిన మందు పద్దెనిమిది బుల్లి సీసాల్లో, అరచేతిలో పట్టే పెట్టెలో ఉండేది. ఆ పెట్టెను పాడుచేసింది నేను. అది ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను.

మాది ప్రత్తిపాడు. ఇక్కడి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. నాన్న జ్యోతి పుట్టిన ఏడాదే పోయాడు. మా అమ్మ గురవమ్మ ముప్ఫై ఏళ్ళపాటు కళ్ళాల్లోనూ గోడౌన్లలోనూ మిర్చికి తొడిమలు తీసింది. కాయను ఒక చేత్తో పట్టుకోవడం, రెండో చేతి గోటితో తొడిమ తుంచడం, పక్కన పడేయడం. రోజంతా అదే. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు రెండూ నీళ్ళ బేసినులో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. నీళ్ళలో ఉన్నంతసేపు ఊరట, బయటికి తీస్తే మళ్ళీ మంట. అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. జ్యోతి నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. ఆ చేతులతో అమ్మ పసిపిల్లను ఎత్తుకోలేకపోయేది కాబట్టి అది నా చంకనే పెరిగింది.

బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదే అడిగింది. "కారం కడిగేశావుగా అమ్మా, ఇంకా ఎందుకు మండుద్ది?"

"నన్నడుగుతావేంటే. దీన్నే అడుగు," అని అమ్మ నీళ్ళలోంచి చెయ్యి తీసి దాని ముందు పెట్టింది.

అది నిజంగానే ఆ చేతినే అడుగుతూ పెద్దదైంది. గుంటూరు దగ్గరి ఒక కాలేజీలో పరిశోధనకు చేరినప్పుడు, ఏ అంశం అని ఇంటర్వ్యూలో అడిగితే, మిర్చి కూలీల చేతుల మంట అని చెప్పిందట. అక్కడున్న పెద్దవాళ్ళు నవ్వారట. త్రినాథ్‌గారనే ప్రొఫెసరు మాత్రం నవ్వకుండా, ఇంకొంచెం చిన్నది చేసుకుని రా అన్నారు. అది చిన్నది చేసుకుంటూ చేసుకుంటూ నాడీకణంలోని ఒక్క ఎంజైమ్ దగ్గరికి వచ్చింది.

ఆ ఎంజైమ్‌ను కైనేజ్ అంటారు. ఒక ఫాస్ఫేటును పట్టుకొచ్చి ఇంకో ప్రోటీనుకు తగిలించడం దాని పని. మన నాడీకణాల మీద కారాన్నీ వేడినీ పసిగట్టే ప్రోటీన్ ఒకటుంది. కైనేజ్ దానికి ఫాస్ఫేటు తగిలిస్తే అది మరీ సున్నితమైపోతుంది. గోరువెచ్చని నీళ్ళు కూడా నిప్పులాగా తోస్తాయి. కారం కడుక్కున్న తరవాత కూడా మంట నిలిచిపోవడానికి ఇదొక కారణమని జ్యోతి నమ్మకం. కైనేజ్‌ను ఆపితే మంట తగ్గుతుందా లేదా అన్నది దాని ప్రశ్న.

ఆపడానికి వాడేదే పెప్టైడ్. పన్నెండు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఒకరోజు వంటింట్లో కూర్చుని అమ్మకు చెప్పింది. "అమ్మా, నీ చేతికి తొడిమ లేని కాయ ఇచ్చామనుకో. ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, తొడిమ కోసం తడుముకుంటాను."

"అదేనమ్మా ఇది. చూడ్డానికి ఆ ప్రోటీన్ లాగే ఉంటుంది. ఫాస్ఫేటు తగిలించాల్సిన చోటు మాత్రం ఉండదు. ఎంజైమ్ దీన్ని పట్టుకుని తడుముకుంటా ఉంటే అసలు పని ఆగిపోద్ది."

"నా చేతులకు రాస్తావా అయితే?"

"రాయకూడదు. ల్యాబ్‌లో కణాల మీద చూడ్డానికే ఇది. మనుషులకు వాడొద్దని సీసా మీదే రాసుంటది."

"మరింకెందుకే," అంది అమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

బయట దొరికే పెప్టైడ్‌లో జ్యోతి రెండు చోట్ల మార్పు చేసి, ఆ వరసతో ప్రత్యేకంగా తయారుచేయించింది. అది పనిచేసింది. ఒకే బ్యాచ్ మందుతో ప్రయోగం మూడుసార్లు చేసి, మూడుసార్లూ అదే ఫలితం వస్తేనే నమ్మాలని తన నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసుకుంది. రెండుసార్లు వచ్చింది. మూడోది ఈ మార్చి నెలలో చేయాల్సి ఉంది.

మార్చి మొదటివారంలో కడుపునొప్పి అంది. క్లోమం వాచిందని విజయవాడ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నేను సెలవు పెట్టి దాని దగ్గరే ఉన్నాను. పదకొండో తారీఖు పొద్దున దాని ఫోనుకు కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారు, రెండు రోజులు కరెంటు ఉండదు, ఫ్రీజర్లలోని సామాను ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళాలి. ల్యాబ్‌లో దానికి తోడుగా ఉండే అనీసా ట్రైనింగు కోసం హైదరాబాద్ వెళ్ళి ఉంది.

జ్యోతికి ఆ రోజు జ్వరం ఎక్కువగా ఉంది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నా పెట్టె ఒక్కటీ తీసుకెళ్ళక్కా. మూత మీద నా పేరుంటది. చల్లగా ఉన్నచోట పెట్టు. కరెంటు పోనిచోట."

ఎంత చల్లగా అని నేను అడగలేదు.

ఐసు పోసిన ఫ్లాస్కు పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. ల్యాబ్ పిల్లలు ఎవరి డబ్బాలు వాళ్ళు సర్దుకుంటున్నారు. పెట్టె చూపించారు. తెచ్చుకున్నాను. మొదట మా ఇంటి ఫ్రిజ్ గుర్తొచ్చింది. మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు తీస్తారు, అందుకని వద్దనుకున్నాను. కరెంటు పోనిచోటు ఏదని బస్సులో కూర్చుని ఆలోచించాను. ఈ చుట్టుపక్కల పుట్టిపెరిగిన వాళ్ళకు ఆ మాట వినగానే తోచేది ఒక్కటే. మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఒక గంట కరెంటు పోతే రెండు జనరేటర్లు వేస్తారు. పంట వస్తే మా వాళ్ళు కంటిని కాపాడుకున్నట్టు కాపాడుకునేది అక్కడే. అది తోచినందుకు నాకు తృప్తిగా కూడా అనిపించింది.

గుంటూరు పల్నాడు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో అంకమ్మరావుగారు సూపర్‌వైజరు. వాళ్ళ అబ్బాయికి నేను చదువు చెప్పాను. అప్పుడే సీజను. గేటు ముందు ట్రాక్టర్లు, ఆటోలు, గోతాలు దించే హమాలీలు. ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. పెట్టె చూసి ఆయన పెద్దగా నవ్వారు.

"ఏంది టీచరమ్మా, ఇది మీ టిక్కీనా? ఇంత చిన్న టిక్కీ నా సర్వీసులో చూళ్ళేదు."

టిక్కీ అంటే మా వైపు మిర్చి గోతం. చెల్లెలిదని, మందని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. చెల్లెలు ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆయనకు తెలుసు. మరేమీ అడగకుండా తనే పట్టుకుని నిచ్చెన ఎక్కి, గోతాలకు దూరంగా పై అరలో పెట్టారు. మిర్చి ఘాటు పట్టకూడదని అంతకుముందే నేను పెట్టెకు మూడు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, చుట్టూ గోధుమరంగు టేపు వేసేశాను. మూత కనబడకుండా వేశాను. నేను జాగ్రత్తపడింది ఘాటు గురించి, కరెంటు గురించి. లోపల నా చేతులు వణికాయి. అంత చలి ఉందంటే సరిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వచ్చేసరికి జ్యోతి నిద్రలో ఉంది. తరవాత రెండు రోజులు మాట్లాడే స్థితి లేదు. పద్నాలుగో తారీఖు కాస్త తేరుకుంది. పెట్టె సంగతి అడిగింది.

"మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. అంకమ్మరావుగారి దగ్గర. కరెంటు పోయే ప్రసక్తే లేదు," అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసినట్టు ఇప్పుడు అనిపిస్తుంది గాని, అప్పుడు ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. తరవాత, "మంచి పని చేశావక్కా," అంది. మంచం అంచు మీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళు తాగుతావా అని అడిగాను. వద్దంది.

ఇరవై రెండో తారీఖు తెల్లవారుజామున పోయింది. దానికి ఇరవై తొమ్మిదేళ్ళు.

మైల రోజుల్లో మేము ఇంకొకరి పంట ఉన్నచోటికి వెళ్ళం. కళ్ళంలోకే అడుగుపెట్టం, అంత మిర్చి దాచిన గిడ్డంగిలోకి ఎలా వెళ్తాం. పెట్టె గుర్తులేక కాదు. పెద్దకర్మ అయ్యాక తెద్దాం, భద్రంగానే ఉందిగా అనుకున్నాను. అనీసా ఇరవై నాలుగున హైదరాబాద్ నుంచి వచ్చి నేరుగా ఇంటికి వచ్చింది. ఉపవాసంలో ఉంది. అమ్మ పక్కన నేల మీద కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదు. దానికి పెట్టె గురించి అడగాలని ఉందట. చావు జరిగిన ఇంట్లో పని మాట ఎత్తడం బాగుండదని అడగలేదు. నేను కాలేజీలోనే వేరే డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో పెట్టించి ఉంటానని అనుకుందట. అలా తొమ్మిది రోజులు మేమిద్దరం మర్యాద పాటించాం.

పెద్దకర్మ ఏప్రిల్ ఒకటిన అయింది. రెండో తారీఖు ఉదయం అనీసా వచ్చి నెమ్మదిగా అడిగింది. నేను చెప్పాను. చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది. "మిర్చి కోల్డ్ స్టోరేజీలోనా అక్కా?" అంది. వెంటనే వెళ్దాం పదండి అంది.

 అక్కడ గది తలుపు పక్కన గోడకు వేడి చూపించే చిన్న డబ్బా ఉంది. ఎర్ర అంకెలు. ఐదు డిగ్రీలు. పదకొండో తారీఖున కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. నేను చూడలేదు. అనీసా దాని ముందు నిలబడి, మళ్ళీ మళ్ళీ చూసింది. అంకమ్మరావుగారు పెట్టె దించి తెచ్చారు. నేను టేపు ఒలిచాను. మూత మీద జ్యోతి చేతిరాత. పేరు, తేదీ, దాని కింద మైనస్ ఇరవై. అంకెల కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

సీసాల్లో ముత్యమంత గడ్డగా ఉండాల్సినది నీరై అడుగున మెరుస్తోంది. ఇరవై రెండు రోజులు.

అంకమ్మరావుగారు మమ్మల్ని గేటుదాకా సాగనంపారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "నాకు ఒక్క ఫోన్ కొడితే నేనే ఆసుపత్రికి తెచ్చిచ్చేవాణ్ణి గదమ్మా. ఈ మందు టైముకు పడుంటే పిల్ల బతికేదేమో," అన్నారు. ఇది మనుషులకు వాడేది కాదండీ అని చెప్పాల్సింది. తలూపి వచ్చేశాను. ఆయన ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉంటారు.

ఎండిపోయిన పొడిగా ఉండుంటే కొంతకాలం తట్టుకునేదని, కరిగించి సీసాల్లో పోసినది కాబట్టి తట్టుకోదని అనీసా తరవాత వివరించింది. అయినా పరీక్షించకుండా పారేయకూడదని ఆ రోజూ మర్నాడూ కూర్చుని పరీక్షించింది. ఆ ఫలితమే నాకు బడికి ఫోన్ చేసి చెప్పింది.

ఆదివారం అనీసా మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ పడుకున్నాక, నేను అడగవలసినవి అడిగాను. మా ఇంటి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే పై అరలో పెట్టుంటే? అది నేల చూస్తూ, చాలావరకు సరిపోయేదక్కా అంది. మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు తీసినా? తలుపు తీయకపోతే గడ్డ కరగదంది. మరి పద్నాలుగో తారీఖున, జ్యోతికి నేను చెప్పిన రోజున, వెంటనే వెళ్ళి తెచ్చుంటే?

"మూడు రోజులేగా. ఒక ప్రయోగానికి సరిపోయేంత బలం ఉండేదనుకుంటా," అంది.

"కోల్డ్ స్టోరేజీ ఎంత చల్లగా ఉంటుందో జ్యోతికి తెలియదా?"

 "తెలుసక్కా. మిర్చి ఘాటు ఏ వేడి దగ్గర ఎంత నిలుస్తుందో మొదటి ఏడాది మేమిద్దరం కోల్డ్ స్టోరేజీలన్నీ తిరిగి రాసుకున్నాం."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు అప్పటికప్పుడు లేచి గుంటూరు వెళ్ళేవాళ్ళు. ఆ పూటంతా దాని దగ్గర ఉండేవాళ్ళు కాదు." తరవాత, "నాకు తెలియదక్కా. నేననుకుంటున్నాను, అంతే," అంది.

ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను. నా మనసు నొప్పించడం ఇష్టంలేక చెప్పలేదా, నన్ను వదలడం ఇష్టంలేక చెప్పలేదా, లేక జ్వరంలో దానికి నిజంగానే తోచలేదా. నాలుగేళ్ళ పనినీ నా చేతినీ పక్కపక్కన పెట్టుకుని చూసి, నా చేతిని పట్టుకుందా. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. అందుకే దాన్ని నమ్మడానికి భయపడతాను. తెలియనిదాన్ని తెలియదనే రాయాలని నేను పిల్లలకు చెప్తాను. నాకు తెలియదు.

త్రినాథ్‌గారు ఒకసారి రమ్మన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి, కొత్త బ్యాచ్ తయారుచేయించి మూడోసారి చేసి, పాత రెండింటితో కలిపేస్తే ఎవరూ తప్పుపట్టరేమో అన్నారు. అంతలోనే, "ఆ అమ్మాయి ఒప్పుకోదులెండి," అని తనే అన్నారు. జ్యోతి ఇంకా ఆ గదిలో ఎక్కడో ఉన్నట్టు అన్నారు. కొత్త మందుతో అయితే మూడుసార్లూ మళ్ళీ మొదటినుంచి చేయాలి. అచ్చయ్యే వ్యాసం మీద పేరు మాత్రం జ్యోతిదే మొదట ఉంటుందన్నారు. కొత్త మందు చేయించడానికి పెప్టైడ్ వరస కావాలి. అది జ్యోతి నోట్‌బుక్కులో ఉంది. నోట్‌బుక్కు ఆసుపత్రి సంచిలో, సంచి మా బీరువాలో ఉంది. నేను తెరవలేదు.

మే నెల సెలవుల్లో తెరిచాను. వరస కోసమే వెతికాను, మిగతా పేజీలు చదవలేదు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కటి చొప్పున పన్నెండు అక్షరాలు. మార్చిన రెండు చోట్లా ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. తెల్లకాగితం మీద రాసుకున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నాలుగుసార్లు సరిచూశాను. తరవాత అనీసాకు ఫోన్ చేసి చదివాను. దాన్ని తిరిగి చదవమన్నాను. చదివింది. ఇంకోసారి చదవమన్నాను. ఎందుకక్కా, సరిగ్గానే ఉందిగా అనకుండా, ఇంకోసారి చదివింది.

అమ్మ పక్కన కూర్చుని వింటోంది. "దాని పని అయిపోయినట్టేనా?" అని అడిగింది. ఇంకా కొంచెం ఉందమ్మా అన్నాను. "త్వరగా కానివ్వమను. అయిపోతే చూద్దామని ఉంది," అంది. ఏమిటి చూడటం అని నేను అడగలేదు. అమ్మ ఇప్పుడు తొడిమలు తీయడానికి వెళ్ళడం లేదు. అయినా సాయంత్రం అయ్యేసరికి బేసినులో నీళ్ళు పోసుకుని కూర్చుంటుంది. మంట లేదట. అలవాటట.

పెప్టైడ్ జూలైలో వచ్చింది. ఈసారి పొడిగా తెప్పించారు. అనీసా నన్ను పిలిచి, ఫ్రీజర్ తలుపు మీది అంకెలు చూపించి, నా కళ్ళముందే లోపల పెట్టింది. మూత మీద జ్యోతి పేరూ తన పేరూ రాసింది.

ప్రయోగానికి ఎలుకల నాడీకణాలు కావాలి. దానికి కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి జ్యోతి పేరు మీద ఉండేది. ఆమె పోవడంతో అది రద్దయింది. కొత్తగా దరఖాస్తు పెట్టారు. కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది. ఆగస్టులో కూర్చున్నప్పుడు ఇంకో రెండు కాగితాలు అడిగారు. ఆ నెలాఖరులోనే అనీసాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళనా అక్కా అని నన్నడిగింది. నన్నడగడమేమిటని బాధేసింది. వెళ్ళమన్నాను. వాళ్ళింట్లో సంపాదించేది అదొక్కతే.

ఇప్పుడు ఆరాధన అనే అమ్మాయి కొత్తగా చేరింది. కణాలు పెంచడం నేర్చుకుంటోంది. నెమ్మదిగా ఉంటుంది, ఒకసారి చెప్తే రాసుకుంటుంది. కణాలు మూడుసార్లు చచ్చిపోయాయని, నాలుగోసారి బతికాయని మొన్న ఫోన్ చేసి చెప్పింది. అనుమతి ఇంకా రాలేదు. వచ్చేదాకా సీసా తెరవకూడదని త్రినాథ్‌గారు చెప్పారట.

మూడుసార్లు చేయాల్సిన ప్రయోగం ఇంకా ఒక్కసారి కూడా మొదలుకాలేదు. పాత సీసాలు నేనే పాడుచేశానని అమ్మకు ఇంకా చెప్పలేదు.